తెంచుకోకుండానే... విడిగా!

సాయంత్రం ఏడు దాటింది. నానక్‌రామ్‌గూడలో క్యాబులు, ఆఫీసు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఔటర్ వైపు పాకుతున్నాయి. ఓ అపార్ట్‌మెంట్ పదకొండో అంతస్తు బాల్కనీలో నిలబడి ఆమె ఫోన్లో తల్లితో మాట్లాడుతోంది.

"ఇక కలిసి ఉండటం నా వల్ల కాదమ్మా."

"అయితే విడాకులు తీసుకుంటావా?"

"అదీ తేల్చుకోలేకపోతున్నా."

"ఇదేం మాటే తల్లీ? ఉంటే ఉండాలి, లేదంటే తెంచుకోవాలి. మధ్యలో ఇంకోటి ఉంటుందా?"

ఉంటుంది. చట్టంలోనే ఉంది. దాని పేరు జ్యుడీషియల్ సెపరేషన్. కోర్టు అనుమతితో విడిగా ఉండటం అన్నమాట. ఈ బాల్కనీ ఫలానావారిదని కాదు. ఐటీ కారిడార్లో ఏ టవరులోనైనా ఇలాంటి మాటలు వినిపించొచ్చు. ఇద్దరి జీతాల మీద తీసుకున్న ఇంటి రుణం, యూకేజీ చదివే పాప, పెళ్లి కావాల్సిన చెల్లెలు... ఇన్ని ముడుల మధ్య 'విడాకులు' అన్న మాట నోట్లోంచి రాదు. అలాగని రోజూ ఆ ఇంట్లో ఊపిరాడదు. అలాంటివారు ఈ మధ్య దారి గురించి తెలుసుకోవాలి.

ఏమిటీ ఎడబాటు?

1955 నాటి హిందూ వివాహ చట్టం పదో సెక్షన్ కింద భార్య అయినా, భర్త అయినా దీనికి దరఖాస్తు చేసుకోవచ్చు. డిక్రీ వచ్చాక ఇద్దరూ కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత ఉండదు. కానీ పెళ్లి రద్దు కాదు. మనసు మారి మళ్లీ కలవాలనుకుంటే మళ్లీ పెళ్లి చేసుకోనక్కర్లేదు. డిక్రీని రద్దు చేయమని కోర్టును అడిగితే చాలు. విడాకులకు, దీనికి ఉన్న అసలు తేడా ఇదే. విడాకులు తలుపును మూసి తాళం వేస్తాయి. ఇది దగ్గరగా వేసి ఉంచుతుంది.

ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి, క్రైస్తవులకు కూడా వారి వారి చట్టాల్లో ఇలాంటి ఏర్పాటు ఉంది.

అడగ్గానే ఇస్తారా?

ఇవ్వరు. చాలామంది పొరబడేది ఇక్కడే. 1976లో చట్టాన్ని సవరించాక విడాకులకు ఏ కారణాలు చూపాలో దీనికీ అవే చూపాలి. క్రూరత్వం, వివాహేతర సంబంధం, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసి వెళ్లడం లాంటివి. "ఇద్దరం ఒప్పుకున్నాం, విడిగా ఉండనివ్వండి" అంటే సరిపోదు. పరస్పర అంగీకారంతో విడాకులకు 13బి సెక్షన్ ఉంది. పరస్పర అంగీకారంతో ఎడబాటుకు అలాంటి సెక్షన్ ఈ చట్టంలో లేదు. పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందం కోర్టు డిక్రీకి సాటి రాదు.

ఒక వెసులుబాటు మాత్రం ఉంది. పెళ్లయిన ఏడాదిలోపు విడాకులకు వెళ్లాలంటే అసాధారణ కష్టం ఉందని చూపి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. ఎడబాటుకు ఆ గడువు లేదు. ఇంకోటి... విడాకులు కావాలని వెళ్లినా, పరిస్థితిని బట్టి న్యాయమూర్తి కొన్ని కేసుల్లో విడాకులకు బదులు ఎడబాటే మంజూరు చేయొచ్చు.

మన సరిత కేసు

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఇంకో సెక్షన్ ఉంది, తొమ్మిదోది. వదిలి వెళ్లిన వారిని తిరిగి కాపురానికి రమ్మని కోర్టు చేత చెప్పించేది. 'మరో చరిత్ర' కథానాయిక సరిత పేరు ఈ సెక్షన్ చర్చల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆమె తనతో కాపురం చేయాలంటూ వెంకటసుబ్బయ్య కడప కోర్టుకు వెళ్లారు. 1975లో తిరుపతిలో పెళ్లి జరిగిందని, అప్పటికి ఆమెకు పదహారేళ్లని ఆ కేసులో ఉంది. ఆ వెంటనే విడిపోయి అయిదేళ్లకు పైగా ఎవరి దారిన వారున్నారు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టం లేని స్త్రీని కాపురానికి పంపడం ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కును కాలరాయడమేనన్నది ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చి సెక్షన్‌ను నిలబెట్టింది.

చిత్రమేమిటంటే కలిసి ఉండమన్న డిక్రీ, విడిగా ఉండొచ్చన్న డిక్రీ... రెండూ చివరికి ఒకే గుమ్మం దగ్గరికి చేరొచ్చు. ఏ డిక్రీ వచ్చినా ఆ తర్వాత ఏడాది పాటు కాపురం చేయకపోతే, ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగొచ్చు.

'ఎవరైనా' అన్న మాటను రెండుసార్లు చదవండి. పెళ్లి నిలుపుకుందామని మీరు ఎడబాటు తీసుకుంటే, ఏడాది తర్వాత అవతలివారు అదే కాగితం పట్టుకుని విడాకులకు వెళ్లొచ్చు. అయితే తప్పు తనది పెట్టుకుని లాభం పొందుతానంటే కోర్టు ఒప్పుకోదు. భరణం కట్టకుండా, మరో స్త్రీతో కాపురం సాగిస్తూ విడాకులు అడిగిన ఓ భర్తకు 2001లో సుప్రీంకోర్టు కాదని చెప్పింది.

ఏం మారుతుంది? ఏం మారదు?

- మళ్లీ పెళ్లి కుదరదు. చేసుకుంటే రెండో పెళ్లి నేరమే. ఏడేళ్ల వరకు జైలు పడొచ్చు.

- భరణం అడగొచ్చు. కేసు నడుస్తుండగానూ, డిక్రీ వచ్చాకా. పాప ఎవరి దగ్గర ఉండాలో, ఖర్చు ఎవరు పెట్టాలో కోర్టు చెబుతుంది.

- హిందూ వారసత్వ చట్టం దృష్టిలో ఇద్దరూ ఇంకా భార్యాభర్తలే. వీలునామా లేకుండా ఒకరు పోతే రెండోవారి వాటా పోదు.

- విడిగా ఉంటున్న భార్యపై ఆమె ఇష్టం లేకుండా భర్త లైంగిక చర్యకు పాల్పడితే అది నేరం. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 67వ సెక్షన్ ప్రకారం రెండు నుంచి ఏడేళ్ల జైలు. డిక్రీ లేకుండా విడిగా ఉంటున్నా ఇది వర్తిస్తుంది.

- ఇంటి రుణం మీద ఇద్దరి సంతకాలూ ఉంటే బ్యాంకు ఇద్దరినీ అడుగుతుంది. దానికి మీ డిక్రీతో పని లేదు.

- ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్‌లో పేరు ఉంటుందా లేదా అన్నది పాలసీ కాగితం చదివి తేల్చుకోవాలి. 2023 నుంచి అమెరికా కాన్సులేట్ నానక్‌రామ్‌గూడలోనే ఉంది కాబట్టి వీసా సందేహమూ రావచ్చు. భర్త లేదా భార్య ఆధారంగా వచ్చిన వీసా ఏమవుతుందన్నది ఆ దేశపు చట్టం. అది తెలిసిన లాయరునే అడగండి.

ఎవరికి పనికొస్తుంది?

తెంచుకోవాలో వద్దో తేలనివారికి, విడాకులకు మనసో మతమో ఒప్పుకోనివారికి, కాస్త దూరం దొరికితే ఆలోచించుకోగలమనుకునేవారికి. కొత్త జీవితం మొదలుపెట్టాలని ఇప్పటికే నిర్ణయించుకుంటే మాత్రం ఇది రెండుసార్లు కోర్టుకు తిరిగే దారి. ఇంట్లో దెబ్బలు తింటున్నవారు దీనికోసం ఆగనక్కర్లేదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ, అదే ఇంట్లో ఉండే హక్కు వెంటనే కోరవచ్చు. లాయరు ఫీజు భారమైతే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

బాల్కనీలో ఫోను ఇంకా సాగుతోంది. 

"అంటే మొగుడూ పెళ్లాలే... కానీ ఒకే ఇంట్లో ఉండక్కర్లేదు. అంతేనా?" 

"అంతేనమ్మా." 

"ఎన్నాళ్లు?" 

ఆ ప్రశ్నకు ఏ సెక్షనూ జవాబు చెప్పదు. ఆలోచించుకోవడానికి కొంత సమయం మాత్రం ఇస్తుంది. కొన్ని కాపురాలకు అంతవరకూ దొరకనిది అదే.