మూసీ ఒడ్డున నడక

అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్‌ను పడమటి నుంచి తూర్పుకు చీల్చుకుంటూ వచ్చి నాగోలు దాటుతుంది. ఎల్‌బీ నగర్‌వాసులకు అందుబాటులో ఉన్న ఏటి ఒడ్డు ఇదే. మెట్రో స్టేషన్ దగ్గరి వంతెన దిగితే నడకబాట. వాసన సంగతి దాచి లాభం లేదు. నీటిపై తెల్లటి నురగ కుప్పలు, పక్కనే ఒంటికాలి మీద కొంగలు!

1908 సెప్టెంబరు 28న వేలాది మందిని మింగిన నది ఇది. ఆ వరద తర్వాతే ఎగువన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. దిగువకు మంచినీరు తగ్గింది, ఊరు పెరిగిన కొద్దీ మురుగు పెరిగింది. పీర్జాదిగూడ వైపు ఆ మురుగునీటితోనే పారాగడ్డి పండించి పాడిపశువులకు అమ్ముతారు.

ఈ ఒడ్డున నడవాలనుకునేవారు ఎండ ముదరకముందే వెళ్లాలి.