మందు కొట్టే ముందు ఆకు తిప్పి చూద్దాం



వంటగది వెనకాల మన బొప్పాయి చెట్లను అందరూ చూసే ఉంటారు. ఆకుల అడుగున, కాయల మీద బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా పట్టింది. ముట్టుకుంటే జిగట. చుట్టూ చీమల బారులు. ఇదే పిండినల్లి. ఆదివారం మందు కొట్టించాలని పెద్దలు అనుకుంటున్నారు. వద్దని నా అభిప్రాయం.

ఈ పురుగు మన దేశానిది కాదు. దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. మన దేశంలో మొదట 2008లో కోయంబత్తూరులో కనబడింది. ఆడపురుగుకు రెక్కలే లేవు. మొక్కలతో, కాయలతో మనుషులే దాన్ని ఊళ్లు తిప్పినారు. పుట్టినచోట దానికి శత్రువులు ఉన్నాయి, అప్పట్లో ఇక్కడ అవి లేవు. అందుకే తమిళనాడులో బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలు దెబ్బతిన్నాయి. ఒంటిమీద మైనపు పొడి ఉండేసరికి మందు లోపలికి సరిగా దిగదు.

2010లో బెంగళూరు కీటక శాస్త్రవేత్తలు ప్యూర్టోరికో దీవి నుంచి మూడు రకాల కందిరీగలను తెప్పించి తోటల్లో వదిలారు. అందులో బాగా పనిచేసింది ఎసిరోఫేగస్ పపాయే. ఆవగింజ కన్నా చిన్నది, మనల్ని కుట్టదు. పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలినుంచే దాన్ని తినేస్తుంది. కొన్ని నెలల్లోనే పురుగు బాగా తగ్గింది.

మా నాయన కూలికి పోయి బొప్పాయి తోటల్లో మందు కొడతాడు. మూతికి టవలు కట్టుకుంటాడు, అంతే. రాత్రి కండ్లు మంటలని నిద్ర పోడు. సెలవుల్లో ఈ కందిరీగ సంగతి చెప్తే నవ్వినాడు. "అది వచ్చేదాకా కాయ ఆగుతాదా? అప్పిచ్చినోడు ఆగుతాడా?" అన్నాడు. ఆ మాట తప్పనలేను. రైతుకు ఒక పంట పోతే ఏడాది పోయినట్టే. కానీ మన పదకొండు చెట్ల మీద ఎవరి అప్పూ లేదు. ఓపిక పట్టగలిగేది మనమే. మనం కూడా పట్టకపోతే ఇంకెవరు పడతారు? మందు కొడితే కందిరీగ ముందు చస్తుంది, పొడి చాటున పిండినల్లి మిగులుతుంది. పైగా ఆ కాయలు తినేది మన చిన్న తరగతుల పిల్లలే.

"అయితే చూస్తా కూర్చుందామా?" అని ఒక అన్న అడిగినాడు. కూర్చోవద్దు. బాగా పట్టిన ఆకులు కోసి కాల్చేద్దాం. గోడ పక్కన పెరిగిన వయ్యారిభామ మీద కూడా ఇది బతుకుతుంది, పూత రాకముందే పీకుదాం. అది ఒంటికి దురద, చేతులకు సంచులు కట్టుకోండి. చీమల పుట్టలు తవ్వేద్దాం, అవి పిండినల్లికి కాపలాదార్లు. తర్వాత ఆకు తిప్పి చూద్దాం. పురుగు ఉబ్బి గట్టిపడి, చిన్న గుండ్రటి రంధ్రం ఉంటే కందిరీగ వచ్చినట్టే. లేకపోతే ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి ఉత్తరం రాసి అడుగుదాం.

వార్డెన్ సార్‌కు నా మనవి ఒకటే. ఒక్క నెల గడువు ఇవ్వండి. రోజూ సాయంత్రం స్టడీ అవర్ ముందు చెట్లు చూసి లెక్క రాసే పని నాది. నెల తర్వాత పురుగు తగ్గకుంటే ఆ లెక్క కూడా ఈ గోడ మీదే పెడతాను.

— 9వ తరగతి విద్యార్థి