కారు ఎవరికి నచ్చాలి?

“కారు కొంటున్నారటగా, ఏ రంగు?” అని పక్కింటి పిన్నిగారు గోడ మీదనుంచి అడిగారు. ఏ కంపెనీ అనిగాని, ధర ఎంత అనిగాని అడగలేదు. తరవాత నేను మెట్లెక్కిన ప్రతి షోరూములోనూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా యిదే. ఇంజను సంగతులు మా వారితో, రంగు సంగతులు నాతో. ఆడవాళ్ళకి కారంటే చీర లాంటిదేనని వాళ్ళ ఉద్దేశం కాబోలు. పోనీ, చీరనైనా రంగొక్కటే చూసి కొంటామా? మడత విప్పి, నేత చూసి, అంచు తడిమి, ఉతికితే రంగు దిగుతుందా అని నాలుగుసార్లు అడిగితేగాని కొనం కదా! కారుని కూడా అలాగే చూద్దామని నేను బయలుదేరాను. ఆ కథే ఈ వారం మీకు చెబుతున్నాను.

ముందు అసలు కారెందుకో చెప్పాలి. మాది రాజమండ్రి. ఇంట్లో ముగ్గురం - నేను, మా వారు, ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారు. అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పద్నాలుగేళ్ళ పాత కారొకటి వాకిట్లో ఉండేది. కిందటి కార్తీకమాసంలో ఒకనాటి రాత్రి రెండు గంటలకి అత్తయ్యగారికి గుండెల్లో నొప్పి వచ్చింది. మా వారికి గ్లాకోమా. రాత్రిపూట బండి నడపవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అయినా ఆ తొందరలో తాళంచెవి పుచ్చుకుని పరుగెత్తారు. కారు రెండుసార్లు మూలిగి వూరుకుంది. చివరికి ఎదురింటి ఆటో అబ్బాయిని లేపి ఆస్పత్రికి చేరాం. దేవుడి దయవల్ల అది గుండెపోటు కాదు, అజీర్తి నొప్పేనన్నారు. కాని ఆ ఆటోలో అత్తయ్యగారి తల వొళ్ళో పెట్టుకుని కూర్చున్నంతసేపూ నేను ఒక్కటే అనుకున్నాను - ఈ యింట్లో రాత్రివేళ బండి నడపగలిగిన మనిషి ఒకరుండాలి, ఆ మనిషిని నేనే కావాలి అని.

యాభై ఆరో యేట డ్రైవింగు నేర్చుకున్నాను. ఆ ముచ్చట మరో వారం చెబుతాను. నేర్పిన మేష్టారు కొంచెం కోలుకోనివ్వండి!

ఇక కొత్త కారు కొందామనుకోగానే యింట్లో మూడు పార్టీలు తయారైనాయి. మా అబ్బాయిది సోకు పార్టీ. “అమ్మా, కారంటే రోడ్డు మీద పోతూంటే పదిమంది తిరిగి చూడాలి. పెద్ద ఎస్.యు.వి. తీసుకోండి. పైన సన్‌రూఫ్ లేకపోతే ఈ రోజుల్లో ఎవరూ కొనడంలేదు” అని ఫోనులో వాడి ఉపదేశం. మా వారు బ్యాంకులో పనిచేసి రిటైరయినవారు. ఆయనది లెక్కల పార్టీ. “లీటరుకి ఎన్ని కిలోమీటర్లు?” అన్నదొక్కటే ఆయన ప్రశ్న. అత్తయ్యగారు ఏ పార్టీలోనూ లేరు. పడకకుర్చీలో కూర్చుని నవ్వుతూండేవారు.

“మీకీ రోజుల్లో కారు నచ్చాలి గాని, మా రోజుల్లో కారుకి మేం నచ్చాలి” అన్నారావిడ ఒకనాడు. నిజమే. 1960ల్లో ఉన్నవెన్ని? అంబాసిడరు, ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ - అంతే. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. మా మామగారు ఫియట్‌కి డబ్బు కట్టిన నాటికి మా వారు పుట్టలేదట. బండి వచ్చేనాటికి ఆయన బడికి వెళుతున్నారట. అత్తయ్యగారు నీలంరంగు కావాలన్నారట. వచ్చింది బూడిదరంగు. “ఇదేమిటండీ అంటే, వచ్చిందే పదివేలు, ఎక్కు అన్నారు మీ మామగారు” అన్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకగాని మధ్యతరగతి వాళ్ళకి కారు అందుబాటులోకి రాలేదు. అంబాసిడరు 2014లో ఆగిపోయింది. ఇప్పుడు ఏ బండి చూడాలో తెలియనన్ని రకాలు. అప్పుడు దొరక్క బాధ, ఇప్పుడు తేల్చుకోలేక బాధ!

మొదటి షోరూములో కుర్రాడు చాలా మర్యాదస్తుడు. మా వారికి కాఫీ ఇచ్చి, అశ్వబలం గురించి అరగంట చెప్పాడు. నావైపు తిరిగి, “మేడమ్, మీకు మేకప్ అద్దంలో లైటు కూడా ఉంది” అన్నాడు.

“బాబూ, నడపబోయేది నేను. సీటు పైకి లేస్తుందా?” అన్నాను.

అతను ఒక్క క్షణం తెల్లబోయాడు. పాపం, సీటు ఎత్తు పెంచే పిడి ఆ బండిలో అన్నిటికంటె ఖరీదైన రకంలోనే ఉందిట. నా ఎత్తు అయిదడుగులు. మామూలు సీటులో కూర్చుంటే నాకు కనిపించేది స్టీరింగు, ఆకాశం. మధ్యనున్న రోడ్డు కనబడదు. ఏసీ తగ్గించాలన్నా అద్దంలాంటి తెర మీద రెండుమూడు చోట్ల వేలు పెట్టాలి. బండి నడుపుతూ తెర కేసి చూస్తే రోడ్డు కేసి చూసేదెవరు? చేత్తో తడిమితే దొరికే పిడులే నాకు నయమనిపించింది. ఇక సన్‌రూఫ్ సంగతి. రోహిణీకార్తెలో మన గోదావరి ఎండకి నెత్తిమీద అద్దం ఎందుకో మా అబ్బాయే చెప్పాలి!

రెండో షోరూముకి అత్తయ్యగారిని కూడా తీసుకువెళ్ళాను. ఇది ముఖ్యమైన పరీక్ష. మీ యింట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా చెయ్యండి. అబ్బాయి చెప్పిన పెద్ద బండి ఎక్కడానికి ఆవిడ కాలు పైకి లేవలేదు. పక్కనున్న పొడుగాటి సెడాన్‌లో కూర్చున్నారు గాని, లేవడానికి యిద్దరం చెరో చెయ్యీ పట్టవలసి వచ్చింది. మూడోది మధ్యరకం ఎత్తు. మంచం మీద కూర్చున్నట్టు నడుము వాల్చి, కాళ్ళు లోపలికి తిప్పుకున్నారు. “ఇదే బాగుంది, అమ్మాయ్. ఇందులో ఎక్కుతున్నానా దిగుతున్నానా అన్న బెంగ లేదు” అన్నారు.

ఇంటికి వచ్చి టేపు పెట్టి వాకిలి కొలిచాను. మా సందులో బండి తిరగాలంటే నాలుగు మీటర్లు మించకూడదు. అంటే మనం కట్టుకునే చీరకంటె మీటరున్నర తక్కువ! ఈ నాలుగు మీటర్లలో యింకో లాభం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి, ఆ పొడుగు లోపు ఉండి, 1200 సి.సి. మించని పెట్రోలు కార్లకి, 1500 సి.సి. మించని డీజిలు కార్లకి జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గించారు. అంతకుముందు 28 శాతం, ఆపైన సెస్సు ఉండేది. పెద్ద బండ్లకి 40 శాతం. ఈ లెక్క విన్నాక మా వారు పూర్తిగా నా పార్టీలో చేరిపోయారు.

ఆయన డీజిలు కొందామన్నారు గాని, మా పాత కారు చూసే మెకానిక్కు వద్దన్నాడు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బి.ఎస్.-6 డీజిలు కార్లలో పొగలోని మసిని పట్టే జల్లెడ లాంటిది ఉంటుందిట. బండి కాస్త వేగంగా కొంత దూరం పోతేగాని ఆ వేడికి మసి కాలిపోదు. రోజూ కూరగాయల మార్కెట్టుకీ, గుడికీ తిరిగే బండికి ఆ యోగం ఉండదు. జల్లెడ పూడుకుపోతుంది. “మీ తిరుగుడికి పెట్రోలే మేలమ్మగారూ” అన్నాడు. ఎలక్ట్రిక్ కారు కూడా మా తిరుగుడికి సరిపోయేదే గాని, ధర మాకు అందలేదు.

నమ్మకమైన బండి ఏదో ఎలా తెలుస్తుంది? ప్రకటనలు చదివితే అన్నీ నమ్మకమైనవే. నేను ఒక శనివారం పొద్దున్న సర్వీసు సెంటరు గేటు దగ్గర నిలబడి, బండి తీసుకుని బయటికి వచ్చేవాళ్ళని పలకరించాను. “ఎన్నాళ్ళయింది కొని? ఏం ఖర్చయింది? విడిభాగాలు ఎన్నాళ్ళకి వచ్చాయి?” ఈ మూడు ప్రశ్నలే. రెండు గంటల్లో నాకు తెలిసినంత సంగతి వారం రోజులు షోరూముల చుట్టూ తిరిగినా తెలియలేదు. నిన్నగాక మొన్న వచ్చిన మోడలు కంటె రెండుమూడేళ్ళుగా తిరుగుతున్నది మేలని కూడా అక్కడే తెలిసింది. కొత్త అల్లుడి గుణం నాలుగు పండగలు వెళితేగాని తెలియదు కదా!

ఇక ప్రాణం సంగతి. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలో భారత్ ఎన్‌క్యాప్ అనే పరీక్ష పెట్టారు. కారుని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో ఒక దిమ్మెకి గుద్దించి, లోపల కూర్చోబెట్టిన బొమ్మలకి ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. పక్కనుంచి గుద్దించే పరీక్ష వేరే ఉంది. పెద్దవాళ్ళ రక్షణకి వేరుగా, పిల్లల రక్షణకి వేరుగా అయిదు నక్షత్రాల దాకా యిస్తారు. కంపెనీలు యిష్టపడితేనే బండ్లని పరీక్షకి పంపుతాయి. అంచేత “దీనికి ఎన్ని నక్షత్రాలు? ఏ రకాన్ని పరీక్షించారు?” అని అడగడం మన వంతు. గాలిసంచులు ఎన్ని ఉన్నా బెల్టు పెట్టుకున్నవాళ్ళకే సరిగ్గా పనికొస్తాయి. 2022 సెప్టెంబరులో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ కూర్చున్నది ఖరీదైన కారులోనే. కాని వెనక సీటులో బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. వెనకవాళ్ళూ పెట్టుకోవాలని చట్టం ఉంది. మనం ఎంతమందిమి పెట్టుకుంటున్నాం?

చివరికి రెండు బండ్లు మిగిలాయి. “ట్రయలుకి రాత్రి ఎనిమిదింటికి వస్తాను” అన్నాను. అలా అడిగినవాళ్ళు యింతవరకు లేరన్నాడు కుర్రాడు. నాకు బండి కావలసింది రాత్రికే కదా! గోదావరి గట్టు ఎక్కించి చూశాను. రెండూ గేర్లు వాటంతటవే మార్చుకునే బండ్లే. మొదటిది గట్టు మధ్యలో ఆపి బ్రేకు వదిలేసరికి వెనక్కి జారింది. నా గుండె కూడా జారింది. రెండోదానికి ఎత్తు మీద పట్టి నిలిపే ఏర్పాటుంది. దీపాల వెలుతురు కూడా రోడ్డు అంచుదాకా చక్కగా పడింది. గట్టు దిగేసరికి నా మనసు తేలికయింది.

ఇక బేరం. షోరూములో మొదట చెప్పే ధర కట్నం లాంటిది. తరవాత ఆడబిడ్డ లాంఛనాలు మొదలౌతాయి. లైఫ్ టాక్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, మ్యాట్లు, సీటు కవర్లు, ఇంకా ఏవో చార్జీలు. ఒక్కొక్క పద్దూ కాగితం మీద రాయించండి. ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరే తీసుకోవాలని లేదు. బయట ధర అడిగి వచ్చామనగానే మాకు కొంత తగ్గింది. బండి తయారైన నెల, సంవత్సరం చూడకుండా సంతకం పెట్టకండి. డిసెంబరులో తయారైనది జనవరికే పాతదౌతుంది.

అప్పు గురించి మా వారి లెక్క కూడా వినండి. 9 శాతం వడ్డీకి 8 లక్షలు తెచ్చి 7 ఏళ్ళలో తీరిస్తే నెలకి సుమారు 12,870 రూపాయలు. తేలిగ్గానే కనిపిస్తుంది గాని, మొత్తం మీద వడ్డీ 2 లక్షల 81 వేలు. అదే 4 ఏళ్ళలో తీరిస్తే నెలకి 19,900 దాకా పడుతుంది గాని, వడ్డీ 1 లక్షా 56 వేలు మాత్రమే. ఈ తేడా చూశాక మా అబ్బాయి సన్‌రూఫ్ మాట మళ్ళీ ఎత్తలేదు. అన్నిటికంటె ఖరీదైన రకం మానేసి, ఆరు గాలిసంచులూ, ఎత్తు పెరిగే సీటూ ఉన్న నడిమిరకం తీసుకున్నాం. పేరు అడక్కండి. మీ సందు వేరు, మీ మోకాళ్ళు వేరు, మీ రాత్రులు వేరు. మీ బండి కూడా వేరే కావచ్చు.

మరి రంగో? అది మాత్రం నేను ఎంచలేదు. అత్తయ్యగారిని అడిగాను. ఆవిడ రంగుల పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, “ఇంకా నీలం ఉందన్నమాట!” అన్నారు.

బండి తీసుకునేనాడు నిమ్మకాయలూ కొబ్బరికాయా అయ్యాక, ఫోటో కోసం అట్టతో చేసిన గజం పొడుగు తాళంచెవి పట్టుకొచ్చాడు కుర్రాడు. దాన్నీ, అసలు తాళంచెవినీ కలిపి మా వారి చేతిలో పెట్టబోయాడు.

“ఆ అట్ట తాళం మా అబ్బాయికివ్వు, నాయనా. అసలుది మా కోడలికివ్వు” అన్నారు అత్తయ్యగారు.

మా వారు నవ్వుతూ అట్ట తాళంతోనే ఫోటో దిగారు. అత్తయ్యగారు వెనక సీటులో సర్దుకు కూర్చుని, బెల్టు లాగి తామే బిగించుకున్నారు. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు వడ్డాణం.

“వడ్డాణం పెట్టుకున్నాను. ఇక పోనీ, అమ్మాయ్” అన్నారు.