ధ్రువసీమకు విహారయాత్ర

భూమిపై మానవుడు కాలు మోపని చోటు మిగలరాదన్న పట్టుదల మన కాలపు లక్షణాలలో ఒకటి. పర్వతశిఖరాలు అయినవి, సముద్రగర్భం అయినది. నేడు సంపన్నుల దృష్టి ఉత్తర ధ్రువ ప్రాంతంపై నిలిచినది. నూరు, నూటయాభై మందిని మాత్రమే ఎక్కించుకొని, నార్వే ఏలుబడిలోని స్వాల్‌బార్డ్ దీవుల చుట్టూ వారం పది దినాలు తిరిగివచ్చే చిన్న ఓడల ప్రయాణాలకు "అన్వేషణ యాత్రలు" అని పేరు పెట్టినారు. యాత్రను మేము తప్పుపట్టము. ఆ పేరునే ఒప్పుకొనలేకున్నాము.

ఈ పద్ధతికి దారి వేసినవాడు స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్. 1966లో ఆయన సామాన్య యాత్రికులను అంటార్కిటికాకు తీసుకొనిపోయినాడు. 1969లో ఇందుకోసమే ఒక చిన్న ఓడను కట్టించినాడు. ఆ ఓడ 1984లో కెనడాకు ఉత్తరాన ఉన్న వాయవ్య మార్గాన్ని దాటినది. 2007లో అంటార్కిటికా సమీపంలో మంచు తగిలి మునిగిపోయినది. అందులోనివారందరూ బ్రతికి బయటపడినారు.

కన్నులారా చూచినవాడే కాపాడగలడని ఈ యాత్రలను సమర్థించేవారి వాదం. దీనిలో కొంత నిజం లేకపోలేదు. లాంగ్‌యిర్‌బ్యెన్ రేవులో ఓడ ఎక్కిన యాత్రికునికి ఆగస్టు మూడవ వారం వరకు సూర్యాస్తమయమే ఉండదు. పెద్ద ఓడలు చొరలేని సన్నని కయ్యలలోనికి చిన్న ఓడ పోగలదు. అక్కడినుండి రబ్బరు పడవలలో ఒడ్డు చేరుతారు. తుపాకి పట్టిన కాపరి ముందు నడచి, ఎలుగుబంటి లేదని చూచిన తరువాతనే మిగిలినవారు దిగుతారు. పరాయి విత్తనాలు అంటుకొని రాకుండా బూట్లు కడిగించడం కూడ కద్దు. ఇంతటి క్రమశిక్షణ మన పుణ్యక్షేత్రాల యాత్రికులకు, దర్గాల ఉరుసులకు పోయేవారికి కొంతైనా అబ్బితే ఎంత బాగుండును!

అయితే ఓడ చిన్నదైనంత మాత్రాన హాని చిన్నదగునా? పదిహేడవ శతాబ్దిలో ఆ దీవులకు వచ్చిన డచ్చి తిమింగిలవేటగాండ్రవి చిన్న ఓడలే. స్మీరెన్‌బర్గ్ అనుచోట కొవ్వు కాచి నూనె తీసి, ఆ సముద్రంలోని తిమింగిలాలను దాదాపు రూపుమాపినారు. నేటి యాత్రికుడు చంపుటకు పోవుటలేదు, నిజమే. కాని కరగుతున్న మంచును చూచుటకు విమానంలోను ఓడలోను ఇంధనం కాల్చుచు పోవుచున్నాడు. ప్రయాణికులు తక్కువైనకొలది ఆ ఇంధనంలో ఒక్కొక్కరి వంతు పెరుగునే గాని తరుగదు. 2018 జులైలో ఒక విహారనౌక కాపరిపై ధ్రువపు ఎలుగుబంటి దాడిచేయగా దానిని కాల్చి చంపవలసివచ్చినది. అది తన ఇంటిలో ఉన్నది, వచ్చినవారు అతిథులు. 2023 సెప్టెంబరులో 206 మందితో ఒక ఓడ ఈశాన్య గ్రీన్‌లాండులో నేలకు తగిలి మూడు దినాలు కదలలేకపోయినది. సహాయం ఆమడల దూరాన ఉన్న చోట అట్టి ప్రమాదం ఎంతదో ఊహింపవచ్చును.

కనుక 2025 జనవరి నుండి నార్వే ప్రభుత్వం అమలులోనికి తెచ్చిన నిబంధనలను మేము మనసారా సమర్థిస్తున్నాము. రక్షిత ప్రాంతాలలోనికి 200 మందికి మించిన ప్రయాణికుల ఓడ రాకూడదు; అక్కడ దిగుటకు 43 చోట్లు మాత్రమే అనుమతి; ఎలుగుబంటికి 300 మీటర్లు, మార్చి నుండి జూన్ వరకు 500 మీటర్లు దూరం పాటించవలెను. వ్యాపారం దెబ్బతినునని కొందరు గొణుగుచున్నారు. గొణుగనీయండి.

మన విద్యార్థులకు ఈ యాత్రల ఖర్చు అందరాని చందమామ. కాని అదే స్వాల్‌బార్డ్‌లో, న్యూ ఓలెసుండ్ వద్ద, 2008 నుండి మన దేశపు హిమాద్రి పరిశోధనా కేంద్రం పనిచేయుచున్నది. ధ్రువపు మార్పులకు మన ఋతుపవనాలకు గల సంబంధం అక్కడి పరిశోధనాంశాలలో ఒకటి. గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధనా కేంద్రం దీనిని నడుపుచున్నది. కళాశాల కమిటీవారు సైన్సు సంఘం పక్షాన ఆ కేంద్రానికి ఒక ఉత్తరం వ్రాసి, మన పిల్లలు ఏ డిగ్రీతో, ఏ శిక్షణతో అక్కడ అడుగుపెట్టవచ్చునో తెలిసికొనవలెనని కోరుచున్నాము.