మాకేం అభ్యంతరం లేదండీ...

"మాకేం అభ్యంతరం లేదండీ. కాలనీవాళ్ళే ఒప్పుకోరు."

ఇరవై ఏళ్ళుగా హైదరాబాద్ కిరాయి ఇళ్ళలో బతుకుతున్న నాకు ఈ మాట కంఠతా వచ్చు. మొన్న ఈద్ తర్వాత మళ్ళీ విన్నాను. ఈసారి కిరాయికి కాదు, కొనడానికి పోయి.

ఎల్బీ నగర్ దాటాక ఒక పాత కాలనీ. వేపచెట్లు, మంచినీళ్ళు, నడిచిపోయే దూరంలో పిల్లల స్కూలు. 200 గజాల్లో మకాన్. యజమాని పెద్దాయన నా పేరు అడగలేదు, 'జర్నలిస్టు గారూ' అనేవారు. "మీ తెలుగు ఎంత బాగుందండీ" అని మురిసిపోయారు. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నందుకు నేనూ మురిసిపోయాను. లింకు డాక్యుమెంట్లు చూశాను, ఈసీ తీయించాను, బేరం కుదిరింది. బయానా ఇచ్చే రోజున అమ్మీని, బీవీని వెంటబెట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గర అమ్మీ బుర్ఖా చూశారాయన. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు. చాయ్ తర్వాత ఆ మాట చెప్పారు.

ఆటోలో అమ్మీ అంది: "బేటా, నేను రాకుండా ఉండాల్సింది."

డెబ్బై ఏళ్ళ తల్లి తన బుర్ఖాకు కొడుకు దగ్గర మాఫీ అడిగింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం అదే.

కోర్టుకు పొమ్మన్నారు దోస్తులు. ఏ కానూన్ పట్టుకుని పోవాలి? మతం చూసి వివక్ష చేయొద్దని 15వ అధికరణం చెప్పేది ప్రభుత్వానికి. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల విషయంలో మాత్రం అందరికీ చెబుతుంది. అమ్మకానికి పెట్టిన ఇల్లు ఆ జాబితాలో లేదు. అహ్మదాబాద్‌లో పార్సీల హౌసింగ్ సొసైటీ 'సభ్యత్వం మావాళ్ళకే' అని పెట్టుకున్న నిబంధనను 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. ముస్లింలకు ఇళ్ళు అమ్మడానికి, అద్దెకివ్వడానికి వెనకాడుతున్నారని 2006లో సచార్ కమిటీ రిపోర్టు రాసింది. అమెరికావాళ్ళు 1968లోనే దీనికి చట్టం చేసుకున్నారు. మనకు ఇప్పటికీ ఇంటి యజమాని దయే దిక్కు.

పైగా "మీవాళ్ళంతా ఒక్కచోటే గుంపుగా ఎందుకుంటారు?" అని అడిగేదీ వీళ్ళే. తలుపు మూసి, బయట ఎందుకు నిలబడ్డావని నిలదీయడం కాదా ఇది?

ఇక మనవాళ్ళతో ఒక మాట. నారాజ్ కావద్దు.

"అప్నోం మే రహో బేటా. మస్జిద్ దగ్గర, రిష్తేదార్లు దగ్గర" అన్నారు మా మామూజాన్. ఆ భయం వెనక ఏముందో నాకు తెలుసు. కానీ అందరం అదే నాలుగు గల్లీల్లో ఇరుక్కుంటే ఏమవుతోంది? గజం ధర పెరుగుతుంది, గల్లీ వెడల్పు పెరగదు. రిజిస్ట్రేషన్ లేని ఇంటిని నోటరీ కాగితం మీద కొంటాం. దాని మీద బ్యాంకు లోను రాదు, రేపు పిల్లలు పంచుకోవాలంటే తగాదా. భద్రత అనుకున్నదే బందిఖానా అవుతుంది.

ఇంకో చేదు మాట. మన బిల్డింగుల్లో దళిత కుటుంబానికో, దూదేకుల కుటుంబానికో పోర్షన్ ఇమ్మంటే నసిగే సాహెబులు లేరా? వాళ్ళు చెప్పేదీ ఇదే: "మాకేం ఏతరాజ్ లేదు, పక్కవాళ్ళే..." సూరా నిసా 36వ ఆయత్ బంధువైన పడోసీతో పాటు పరాయి పడోసీ హక్ కూడా గుర్తు చేస్తుంది. మనం ఇవ్వని ఇన్సాఫ్‌ను ఏ ముఖంతో అడుగుతాం?

నా ఫైసలా ఇది. మొదటి ఫోన్లోనే పూర్తి పేరు చెబుతున్నాను. కాదన్నవాళ్ళను కారణం మెసేజ్‌లో రాసి పంపమంటున్నాను. ఇప్పటిదాకా ఒక్కరూ రాయలేదు. అంటే అది రాయకూడని మాటని వాళ్ళకూ తెలుసు.

మీరూ ఒక పని చేయండి. రంజాన్‌లో టోపీ పెట్టుకుని ఇఫ్తార్‌కు వచ్చే ఎమ్మెల్యే చేతికి ఖజూర్ ఇచ్చేముందు అడగండి: మతం, కులం చూసి ఇల్లు కాదనడం నేరమని అసెంబ్లీలో ఎప్పుడు చట్టం తెస్తారు? జవాబ్ చెప్పాకే ఖజూర్.

వచ్చే ఆదివారం ఇంకో ఇల్లు చూడబోతున్నాం. ఈసారి గేటులోకి ముందు నడిచేది అమ్మీయే.