ఆరు గుండ్లా ఏడు గుండ్లా అన్నది మన లెక్క కాదు



వారం రోజులుగా మన గ్రూపులో మ్యాగ్నం రివాల్వర్ల పట్టికలు తిరుగుతున్నాయి. ఏది పెద్ద ఫ్రేము, దేంట్లో ఎన్ని గుండ్లు, ఏ బారెల్ ఎన్ని అంగుళాలు అని మన కుర్రవాళ్లు రాత్రి పన్నెండు దాకా వాదించుకుంటున్నారు. దాని కిందనే ఇంకో మెసేజీ. రివాల్వర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టే సభ్యులకు సంఘం లెటర్‌హెడ్ మీద సిఫారసు ఉత్తరాలు ఇవ్వాలని వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఒక అంశం పెడతారట. ఈ రెండింటికీ సంబంధం లేదని మాకు ఎవరూ చెప్పొద్దు. ఆ అంశాన్ని మేము వ్యతిరేకిస్తున్నాం. ఎందుకో కొంచెం పొడుగ్గానే రాస్తాం, ఓపిక చేసుకుని చదవండి.

"ముసలాయనకు తుపాకి గురించి ఏం తెలుసు" అనేవాళ్లు ఉంటారు కాబట్టి ముందు ఆ పట్టికనే చూద్దాం.

ఫ్రేము అంటే మిగతా భాగాలన్నీ బిగించే చట్రం. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ వాళ్లు దీనికి అక్షరాలు పెట్టుకున్నారు. జె చిన్నది, కె మధ్యరకం, ఎల్ దానికి కాస్త పైన, ఎన్ పెద్దది, 2003లో వచ్చిన ఎక్స్ అన్నిటికంటే పెద్దది. చట్రం పెద్దదైతే మధ్యలో తిరిగే సిలిండర్ లావవుతుంది, సిలిండర్ లావైతే ఎక్కువ గుండ్లకు చోటు. .357 మ్యాగ్నంలో జె ఫ్రేముకు 5, కె ఫ్రేముకు 6, ఎల్ ఫ్రేముకు 6 లేక 7, ఎన్ ఫ్రేము మోడళ్లు కొన్నింటికి 8. అదే ఎన్ ఫ్రేములో .44 మ్యాగ్నం అయితే మళ్లీ 6కు దిగుతుంది, తూటా లావు కాబట్టి. ఎక్స్ ఫ్రేములో .500 మ్యాగ్నంకు 5 మాత్రమే. ఎనిమిది అంగుళాల పైచిలుకు బారెల్‌తో అది రెండు కిలోలు తూగుతుంది. మొలలో దోపుకుని పెళ్లికి పోదామంటే పంచె ఊడివస్తుంది.

మ్యాగ్నం అన్న మాట ద్రాక్షసారా పెద్ద సీసాకు వాడేది. ఆ సంగతి తెలిస్తే మనవాళ్లు కొందరు ఇంకా సంతోషిస్తారేమో. .357 మ్యాగ్నం 1935లో వచ్చింది. అప్పటికే ఉన్న .38 స్పెషల్ తూటా గొట్టాన్ని అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు చేశారు. ఎక్కువ మందు కూరడానికే అనుకుంటారు. ముఖ్య కారణం వేరే: ఈ బలమైన తూటా పాత .38 రివాల్వర్‌లో దూరకూడదు, దూరితే ఆ పాతది తట్టుకోలేదు. అందుకే .357 దాంట్లో .38 స్పెషల్ పడుతుంది, .38 దాంట్లో .357 పట్టదు. తయారు చేసినవాడే భయపడి అడ్డం పెట్టాడు. మన పట్టికలో ఆ వరుస లేదు.

బారెల్ సంగతి. పొడుగు బారెల్ ఉంటే మందు లోపలే బాగా కాలి గుండుకు వేగం వస్తుంది, గురి కూడా కుదురుతుంది. రెండు అంగుళాల బారెల్‌లో మ్యాగ్నం పేలిస్తే మందు కొంత బయటికొచ్చి మంటై పోతుంది. వేగం తగ్గుతుంది. మెరుపు, చప్పుడు, మణికట్టుకు తన్ను మాత్రం తగ్గవు. "జేబులో పట్టే మ్యాగ్నం" అని ఒక తమ్ముడు మురిసిపోయాడు. ఆయన లక్షలు పోసి కొనేది ఎక్కువ పాలు చప్పుడే.

ఆ లెక్కలు తప్పని మేము అనడం లేదు. అవి వేరే నేల లెక్కలు. .44 మ్యాగ్నం కావాలని ఏళ్ల తరబడి రాసి సాధించిన ఎల్మర్ కీత్ అమెరికాలో ఐడహో కొండల్లో పశువులు మేపినవాడు, వేటగాడు. ఆ తూటా 1955 చివర్లో వచ్చింది. 1971లో 'డర్టీ హ్యారీ' సినిమా వచ్చాక అక్కడి పట్నాలవాళ్లు కూడా దాని వెంట పడ్డారు. సినిమా చూసి తుపాకి మీద మోజు పడడం మనవాళ్లతో మొదలైంది కాదు. ఎలుగుబంట్లు మనకూ ఉన్నాయి కదా అంటారేమో. దరోజిలో 1994లో అభయారణ్యం పెట్టింది వాటిని కాపాడడానికి.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. మామూలు పౌరులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980ల నుంచే మూసేశారు. షూటింగ్ క్రీడాకారులకు మినహాయింపు ఉంది. అప్పటికి దేశంలో ఉన్న పాతవి చేతులు మారుతుంటాయి, ధరలు లక్షల్లో. కాబట్టి డీసీ ఆఫీసు చుట్టూ తిరిగి, ఎస్పీ రిపోర్టు తెప్పించుకుని, చివరికి మనవాడికి ఎక్కువగా దక్కేది ప్రభుత్వ కర్మాగారాల్లో చేసే .32 రివాల్వరే. 2014లో కాన్పూరు నుంచి 'నిర్భీక్' అని 500 గ్రాములది తెచ్చారు, ధర అప్పటికే లక్షా ఇరవై వేలు దాటింది. 2023 ఆగస్టులో 'ప్రబల్' వచ్చింది. దాని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది, బారెల్ 76 మిల్లీమీటర్లు, అంటే మూడు అంగుళాలు. ఆ .32 తూటా 1896 నాటిది. దాని బలం .357లో నాలుగో వంతు ఉంటే గొప్ప. ఎల్ ఫ్రేమా ఎన్ ఫ్రేమా అని కొట్టుకుంటున్న మన తమ్ముళ్ల గొడవంతా కొనని ఎద్దు కొమ్ముల గురించి.

బారెల్ పొడుగు గురించి మన చట్టమూ ఒక మాట చెప్పింది. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను చూడండి. రక్షణకో క్రీడకో 20 అంగుళాలకు తగ్గని బారెల్ ఉన్న నున్నటి గొట్టం తుపాకి అడిగినా, పంట కాపలాకు మూతి నుంచి మందు కూరే తుపాకి అడిగినా, అడ్డు కారణాలు లేకపోతే లైసెన్సు ఇవ్వాలి. మిగతావాటికి, అంటే రివాల్వర్‌కు కూడా, తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. ఇందులో మాకు అర్థమైంది ఒకటే. 20 అంగుళాలది దాచలేరు, చూసినవాడు పక్కకు జరుగుతాడు. మూడు అంగుళాలది చొక్కా కింద ఉంటుంది, పక్కన కూర్చుని పప్పన్నం తినేవాడికి తెలియదు.

పప్పన్నం అంటే గుర్తొచ్చింది. మొన్నటి ముహూర్తాల్లో మనవాళ్ల పెళ్లి ఒకదానిలో వరుడి ఊరేగింపు మంటపం దగ్గరికి రాగానే ఒక గుండు పైకి పేలింది. అది దిగివచ్చి వెనక వంటశాల రేకులో దూరింది. కింద సాంబారు గుండిగ, గుండిగకు మూడడుగుల్లో వంటామె. రేకులో చిల్లి ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు. అక్కడున్న పెద్దలంతా కూడబలుక్కుని "పటాకు" అన్నారు. ఆ వంటామెను మాత్రం ఎవరూ అడగలేదు. 2016 డిసెంబరులో పంజాబులో బఠిండా జిల్లా మౌర్ మండిలో పెళ్లి వేదిక మీద నాట్యం చేస్తున్న అమ్మాయి అలాంటి గుండుకే చనిపోయింది. 2019 సవరణలో అందుకే సంబరాల కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ అని రాశారు. ఒక్కరికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది కూడా ఆ సవరణే.

"ప్రాణభయం ఉన్నవాడు ఏం చేయాలి?" అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. నిజంగా బెదిరింపు ఉన్నవాడు ఎస్పీకి రాసివ్వాలి, ఆ ఫిర్యాదే అతని దరఖాస్తుకు బలం. సంఘం ఉత్తరం ఎందుకు? పైగా భయం ఎక్కువయ్యేది ఎన్నికలప్పుడు. కోడ్ వస్తే సాధారణంగా లైసెన్సు తుపాకులు స్టేషనులో జమ చేయమంటారు. 2023 మేలో అసెంబ్లీ, 2024 మేలో లోక్‌సభ, అదే ఏడు నవంబరులో సండూరు ఉప ఎన్నిక. అవసరమని చెప్పే రోజుల్లోనే అది మీ దగ్గర ఉండదు.

కొడగువాళ్లకు లైసెన్సే అక్కర్లేదు కదా అని ఇంకొకరు. నిజం, కొడవలకు, జమ్మా భూమి ఉన్నవాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి మినహాయింపు ఉంది, 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. వాళ్ల ఇంట్లో అది తాతల నాటి ఆచారం. మనం ఆయుధ పూజకు కొడవలికి, కుట్టు మిషనుకు, లారీకి పసుపు కుంకుమ పెట్టినవాళ్లం. ఇనుప ఖనిజం డబ్బు పారిన రోజుల్లో వెనక గన్‌మెన్ ఉంటేనే పెద్దమనిషి అన్న జబ్బు ఈ ఊరికి పట్టింది. 2011 జూలైలో సుప్రీం కోర్టు గనులు ఆపించింది, లారీలు ఆగాయి, జబ్బు ఆగలేదు. రివాల్వర్ అడిగే సభ్యుల్లో ప్రాణభయం ఉన్నవాళ్లు ఎందరో, ఫొటో కావలసినవాళ్లు ఎందరో మీకే తెలుసు.

ఇక లెటర్‌హెడ్ సంగతి. దాని మీద మనం ఇంతవరకు హాస్టలు సీట్లకు, స్కాలర్‌షిప్పులకు, ఆస్పత్రి బిల్లు తగ్గించమని రాశాం. సిఫారసు అంటే పూచీ. రైల్వేలో పార్సిల్ రసీదు మీద సంతకం చేసినవాడే రేపు క్లెయిము వస్తే జవాబు చెప్పాలి, మేము ముప్పై ఏళ్లు చేసిన పని అదే. రేపు ఆ మూడు అంగుళాల బారెల్ నుంచి గుండు ఎవరికైనా తగిలితే పోలీసు ఫైలులో మన ఉత్తరం ఉంటుంది. అదే కాగితం మీద ఆ తర్వాత ఒక ఆడపిల్లకు హాస్టలు సీటు అడిగితే ఎవరు ఇస్తారు?

ఆదివారం పది గంటలకు మేము వస్తాం. ఆ అంశం చేతులెత్తి తేల్చడానికి ఒప్పుకోం. అవునన్నవాళ్ల పేర్లు, కాదన్నవాళ్ల పేర్లు మినిట్స్ పుస్తకంలో విడివిడిగా రాయాలని, ఉత్తరం మీద సంతకం పెట్టేవాళ్ల పేరు ముందే చెప్పాలని అడుగుతాం. వంటామెను కూడా పిలవమని కార్యదర్శిగారికి ఇవాళే ఫోను చేశాం.