తలుపు దగ్గరకు వేసి అడగాల్సిన ప్రశ్నలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చారా? వస్తే పిల్లల టీకాలు, రక్తహీనత, బీపీ, షుగర్ గురించి అడుగుతారు. హాల్లో కూర్చునే చెప్పేస్తాం. కొన్ని ఇళ్లలో మాత్రం ఇంకొన్ని ప్రశ్నలుంటాయి. ఇప్పటివరకు ఎంతమందితో లైంగిక సంబంధం ఉంది? గత ఏడాదిలో జీవిత భాగస్వామి కాని వారితో కలిశారా? కండోమ్ వాడారా? వంటింట్లోంచి అత్తగారు చెవి ఇటే వేసి ఉంటే ఏ కోడలైనా ఏం చెబుతుంది?

2019-21లో జరిగిన అయిదో విడత సర్వే ప్రకారం మన దేశంలో జీవితకాలంలో లైంగిక భాగస్వాముల సగటు మగవారికి 2.1, ఆడవారికి 1.7. గత 12 నెలల్లో భార్య లేదా భర్త కాని, తమతో కలిసి ఉండని వ్యక్తితో సంబంధం ఉందన్నవారు మగవారిలో 4 శాతం, ఆడవారిలో 0.5 శాతం. ఒక సంబంధానికి ఇద్దరు ఉండాలి కదా, ఇంత తేడా ఎక్కడిది? కొంత కారణం ఉంది. సెక్స్ వర్కర్లు ఇలాంటి ఇంటింటి సర్వేల్లో పెద్దగా కనిపించరు. మిగతాది మగవాళ్లు కలిపి చెప్పిందీ, ఆడవాళ్లు మింగేసిందీ.

దీన్ని అబద్ధమని కొట్టిపారేయడం తేలిక. కానీ అమెరికాలో కాలేజీ విద్యార్థులపై చేసి, 2003లో ప్రచురించిన ఒక ప్రయోగం చూడండి. తమ జవాబు పక్కవారి కంటపడొచ్చని అనుకున్న అమ్మాయిలు చెప్పిన భాగస్వాముల సగటు 2.6. పేరు బయటికి రాదన్న భరోసా ఉన్నవారిలో 3.4. అబద్ధాలు పట్టేసే యంత్రమని నమ్మించి తీగలు తగిలిస్తే 4.4. అబ్బాయిల సగటు మాత్రం 3.7, 4.2, 4.0 దగ్గరే తిరిగింది. ఎవరు వింటున్నారన్నదాన్ని బట్టి అమ్మాయిల జవాబు మారింది. పరువు భారం ఎవరి నెత్తిన ఉందో ఈ అంకెలే చెబుతున్నాయి.

పోనీ మనిషి బదులు కంప్యూటర్‌తో అడిగిస్తే? జింబాబ్వేలో ఆ పనీ చేశారు. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో, పరీక్షలో వీర్యం ఆనవాళ్లు దొరికిన 196 మంది మహిళల్లో దాదాపు సగం మంది ఆ రెండు రోజుల్లో అసలు కలయికే లేదనో, కండోమ్‌తోనే జరిగిందనో చెప్పారు. ఎదురుగా కూర్చుని అడిగినా, హెడ్‌ఫోన్‌లో ప్రశ్న వినిపించి మీట నొక్కమన్నా పెద్ద తేడా రాలేదు.

ఎవరి పడకగది గొడవ మనకెందుకు అనిపించొచ్చు. పంజాగుట్టకు దగ్గర్లోనే, రాజ్‌భవన్ రోడ్డులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. అక్కడి పరిశోధకులు 2004-05లో గుంటూరు జిల్లాలో ఊళ్లకూ బస్తీలకూ తిరిగి 12,617 మంది రక్తం చుక్కలు సేకరించారు. 15-49 ఏళ్లవారిలో హెచ్ఐవీ 1.72 శాతమని తేలింది. ఆసుపత్రులకు, క్లినిక్‌లకు వచ్చినవారి నమూనాలతో కట్టే సర్కారీ లెక్క దానికి సుమారు రెండున్నర రెట్లుంది. 2007లో దేశం మొత్తం అంచనా కూడా 52 లక్షల నుంచి 25 లక్షలకు దిగింది. ఇంటింటికీ వెళ్లి రక్తం పరీక్షించడం అందుకు పెద్ద కారణం. కాకపోతే ఎంతమందికి ఉందో రక్తం చెబుతుంది గానీ, ఎలా వచ్చిందో, రేపు ఎవరికి రాబోతోందో చెప్పదు. అది నోటితోనే చెప్పాలి. ఆ మాట తప్పయితే పరీక్షలూ కండోమ్‌లూ అవసరం లేని చోటికి వెళ్తాయి. భర్త నుంచి జబ్బు అంటిన ఇల్లాలు ఏ లెక్కలోకీ రాదు.

అమీర్‌పేట సంగతి మరీ విచిత్రం. కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉంటారు. కుటుంబ సర్వే వెళ్లేది ఇళ్లకు, హాస్టళ్లకు కాదు. ఈ కాలం పిల్లల మీద అభిప్రాయాలకు మన దగ్గర కొదవ లేదు. లెక్క మాత్రం వాళ్ల గుమ్మం దాకా వెళ్లదు.

మంచి ప్రయత్నాలూ జరిగాయి. 2006-07లో ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ, పాపులేషన్ కౌన్సిల్ కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో యువతను ప్రశ్నించాయి. చివర్లో ఒక కార్డు ఇచ్చి, పెళ్లికి ముందు సంబంధం ఉందో లేదో గుర్తు పెట్టి కవరులో అంటించి ఇమ్మన్నారు. అడిగినవారికి జవాబు కనిపించదు. ఖర్చు కవరు, కాస్త జిగురు! ప్రతి విడత కుటుంబ సర్వేలోనూ ఈ మాత్రం ఏర్పాటు ఉండాలని అడగడం మన హక్కు.

ఈలోగా సర్వే వాళ్లు మీ తలుపు తడితే వాచ్‌మన్‌తో లేరని చెప్పించకండి. గుర్తింపు కార్డు చూసి లోపలికి రానివ్వండి. మీ ఇంటి కోడలితోనో, పెళ్లికాని కూతురితోనో మాట్లాడాలంటే ఒక గది చూపించి మీరు బయటికి రండి. తర్వాత ‘ఏమడిగారు, ఏం చెప్పావు’ అని ఆరా తీయకండి. ఇష్టం లేని ప్రశ్నకు ‘చెప్పను’ అనే హక్కు ఎవరికైనా ఉంది. లెక్క కట్టేవారికి తప్పు జవాబు కన్నా అదే మేలు. డాక్టరు గదిలోనూ అంతే. కూతురికి ఏ ఇబ్బందో తెలియక ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, పరీక్షకు ముందు డాక్టరమ్మ ‘మీరు కాసేపు బయట కూర్చోండమ్మా’ అంటే నొచ్చుకోకుండా లేచి వెళ్లండి.